తెలుగు మెయిల్ గజిబిజిగా వచ్చిందా? హెడర్ చదివి, ఎన్‌కోడింగ్ సరిచేసుకునే పద్ధతి ఇదీ

కొత్త ఫోన్ కొనేటప్పుడు ప్రాసెసర్ చూస్తాం, కెమెరా చూస్తాం, బ్యాటరీ ఎంతో చూస్తాం. మెయిల్ సరిగ్గా కనిపిస్తుందా అని ఎవరూ చూడరు. అది మామూలుగా పనిచేసేదే కదా అనుకుంటాం. కానీ తెలుగులో వచ్చిన ఒక మెయిల్ తెరవగానే డిగ్రీ గుర్తులు, ప్లస్-మైనస్ గుర్తులు, నెత్తిన గీత ఉన్న ఇంగ్లీష్ అక్షరాలు వరసగా కనిపిస్తే, ముందు ఫోన్‌ని అనుమానిస్తాం. తర్వాత వైరస్ అనుకుంటాం. చివరికి డిలీట్ కొట్టేస్తాం.

చాలాసార్లు ఆ మెయిల్‌లో ఒక్క అక్షరం కూడా పోయి ఉండదు. పైన అతికించిన లేబుల్ తప్పు, అంతే. మందు సరైనదే, సీసా మీద కాగితం వేరేది అన్నమాట. ఆ కాగితం ఎక్కడుంటుంది, దాన్ని ఎలా చదవాలి, ఎలా మార్చాలి, ఏ పరిస్థితిలో ఇక ఆశ వదులుకోవాలి అనేవి ఈ పాఠంలో వరసగా చూద్దాం.

మా సూళ్లూరుపేటలో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదివే ఒక తమ్ముడికి ఇలాంటి మెయిలే వచ్చింది. ఒక కంపెనీ నుంచి. అందులో చదవగలిగింది 9:30 అనే అంకె, ఒక ఫోన్ నంబర్ మాత్రమే. "అన్నా, ఇది స్పామ్ మెయిలా? తీసేయనా?" అని అడిగాడు. అది ఇంటర్వ్యూ పిలుపు. ఒరిజినల్ సర్టిఫికెట్లు తెచ్చుకోమని, ఏ రోజు రావాలో, ఏ గేటు దగ్గరికి రావాలో శుభ్రంగా తెలుగులోనే రాసి ఉంది. హెడర్‌లో ఒక్క మాట మార్చగానే అంతా కనిపించింది. డిలీట్ చేసి ఉంటే, పంపినవాళ్లకి అతను రాలేదని మాత్రమే తెలిసేది. ఎందుకు రాలేదో తెలిసేది కాదు.

అంకెలు బాగానే ఉండి అక్షరాలు మాత్రమే ఎందుకు పాడయ్యాయి? అసలు పాఠం అక్కడే మొదలవుతుంది.

అక్షరం వెనక ఉన్న అంకెలు

కంప్యూటర్‌కి అక్షరాలు తెలియవు, బైట్లే తెలుసు. ఒక్కో బైట్ విలువ 0 నుంచి 255 లోపు ఉంటుంది. ఈమెయిల్ పుట్టిన కాలంలో ఆస్కీ అనే పద్ధతి వాడేవారు. అందులో 128 గుర్తులే ఉండేవి: ఇంగ్లీష్ అక్షరాలు, అంకెలు, కామాలు, చుక్కలు. 1982లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 821, 822 అనే మెయిల్ నియమాలు దాన్ని దృష్టిలో పెట్టుకొని రాసినవే. తెలుగుకి అందులో చోటు లేదు.

1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగు ఉంది. మన లిపికి 3072 నుంచి 3199 వరకు 128 స్థానాలు ఇచ్చారు. 'త' నంబర్ 3108. ఈ నంబర్లను బైట్లుగా మార్చే పద్ధతే యూటీఎఫ్-8. కెన్ థాంప్సన్, రాబ్ పైక్ కలిసి 1992లో దాన్ని రూపొందించారు. అందులో పాత ఆస్కీ గుర్తులన్నీ ఒక్కో బైట్‌తో యథాతథంగా ఉంటాయి. తెలుగు గుర్తుకి మాత్రం ఒక్కోదానికి మూడు బైట్లు పడతాయి. 'త' అంటే 224, 176, 164.

'తిరుపతి' అని రాస్తే మన కంటికి నాలుగు అక్షరాలు. యూనికోడ్ లెక్కలో త, ి, ర, ు, ప, త, ి, మొత్తం ఏడు గుర్తులు. అంటే 21 బైట్లు.

ఇప్పుడు ఆ మెయిల్ హెడర్‌లో "ఇది విండోస్-1252లో ఉంది" అని తప్పుగా రాసి ఉందనుకోండి. పశ్చిమ యూరప్ భాషల కోసం చేసిన పట్టిక అది. దాని లెక్కలో బైట్‌కి ఒక అక్షరం. 224 అంటే నెత్తిన గీత ఉన్న చిన్న ఎ, 176 అంటే డిగ్రీ గుర్తు (°), 164 అంటే కరెన్సీ గుర్తు (¤). మెయిల్ యాప్ పాపం చెప్పింది చెప్పినట్టు చేసి, ఒక 'త' బదులు ఈ మూడూ చూపిస్తుంది. అంకెలు, ఇంగ్లీష్ అక్షరాలు రెండు పద్ధతుల్లోనూ ఒకటే కాబట్టి వాటికి ఏమీ కాదు. 9:30 మిగిలింది అందుకే.

చూడగానే రోగం గుర్తుపట్టడం

గజిబిజి అంతా ఒకే రకం కాదు. ఏ రకమో తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

1. ప్రతి మూడో గుర్తుకీ నెత్తిన గీత ఉన్న ఎ కనిపిస్తోంది, దాని పక్కనే ° లేదా ± ఉంది. ఇది యూటీఎఫ్-8 తెలుగుని వేరే పట్టికతో చదవడం. దాదాపు ఎప్పుడూ బాగుచేయొచ్చు.

2. ఈక్వల్ గుర్తు, రెండు గుర్తులు, మళ్లీ ఈక్వల్, రెండు గుర్తులు, ఇలా =ఈ0=బి0=ఎ4 అన్నట్టు (ఇంగ్లీష్ అక్షరాల్లో) వస్తోంది. ఇది కోటెడ్-ప్రింటబుల్ అనే మూట. విప్పకుండానే చూపించేశారు. బాగుచేయొచ్చు.

3. ఖాళీ లేకుండా ఇంగ్లీష్ అక్షరాలు, అంకెలు కలిసిన పొడవాటి వరస, అందులో నాలుగు అంకె తర్వాత పెద్ద ఎల్, పెద్ద సి లేదా పెద్ద జి పదేపదే కనిపిస్తున్నాయి. ఇది బేస్-64 మూట. ఈ పద్ధతిలో మూడు బైట్లు నాలుగు అక్షరాలవుతాయి, మన గుర్తుకీ మూడే బైట్లు. అందుకే తెలుగు వాక్యం బేస్-64లో మొదలైతే 4-ఎల్-సి లేదా 4-ఎల్-జి అని మొదలవుతుంది. ఖాళీ లాంటి ఒక బైట్ గుర్తు మధ్యలో వస్తే ఆ లయ మారుతుంది. అయినా మొదటి మాట పట్టిస్తుంది. బాగుచేయొచ్చు.

4. నలుపు రంగు డైమండ్‌లో ప్రశ్న గుర్తు (�) అక్కడక్కడా ఉంది. చదివే యాప్‌కి ఆ బైట్లు అర్థం కాలేదని అర్థం. మీ యాప్ దగ్గరే అలా జరిగితే మూలంలో సరైన బైట్లు ఇంకా ఉండొచ్చు. దారిలో ఏదో సర్వర్ అలా మార్చేసి పంపితే ఆ అక్షరాలు పోయినట్టే.

5. వరసగా ????? ఉన్నాయి. ఇది చెడ్డ కబురు. పంపేముందే ఎవరో తెలుగుని తెలుగు తెలియని పట్టికలోకి మార్చేశారు. మార్చలేని ప్రతి అక్షరం బదులు ప్రశ్న గుర్తు పెట్టేశారు. బైట్లే లేవు, ఏ టూల్ వాడినా తిరిగిరావు. మళ్లీ పంపమని అడగడమే మార్గం.

6. ఖాళీ డబ్బాలు (□□□) కనిపిస్తున్నాయి. ఎన్‌కోడింగ్ సరిగ్గానే ఉంది, ఫాంట్ లేదు. అదే మెయిల్ వేరే ఫోన్‌లో తెరవండి.

7. ఇంగ్లీష్ అక్షరాలు, విరామ చిహ్నాలు కలిసి అర్థంలేకుండా ఉన్నాయి, కానీ పై పోలికలేవీ లేవు. డీటీపీ షాపుల్లో వాడే అను ఫాంట్ల లాంటి వాటితో టైప్ చేసి మెయిల్‌లో అతికించారేమో చూడండి. అలాంటి ఫాంట్లలో ఇంగ్లీష్ అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు ఉంటాయి. ఆ ఫాంట్ లేని చోట అసలు అక్షరాలు బయటపడతాయి. హెడర్ ఎంత మార్చినా లాభం లేదు. ఫాంట్ నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్ వాడాలి, లేదా పీడీఎఫ్ పంపమని అడగాలి.

ఈ ఏడో రకం మనకి పాత చుట్టం. తెలుగు పత్రికల వెబ్‌సైట్లు ఒక్కోటి ఒక్కో సొంత ఫాంట్ వాడిన రోజుల్లో, నాగార్జున వెన్న తయారుచేసిన పద్మ అనే ఎక్స్‌టెన్షన్ ఫైర్‌ఫాక్స్, థండర్‌బర్డ్‌లలో ఆ రాతని యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. అంతకుముందు ఇంటర్నెట్‌లో చాలామంది ఈ గొడవంతా ఎందుకని, ఆర్‌టీఎస్ పద్ధతిలో తెలుగుని ఇంగ్లీష్ అక్షరాల్లో రాసుకునేవారు.

మా ఊరు తమిళనాడు సరిహద్దుకి దగ్గర. తడ దాటితే తమిళమే. అందుకని ఇక్కడివాళ్లకి పనికొచ్చే ఇంకో గుర్తు చెప్తాను. నెత్తిన గీత ఉన్న ఎ పక్కన ° లేదా ± ఉంటే తెలుగు. ® లేదా ¯ ఉంటే తమిళం. ¤ లేదా ¥ ఉంటే హిందీ లేదా మరాఠీ. ² లేదా ³ ఉంటే కన్నడం. అక్షరం ఒక్కటి చదవకుండానే మెయిల్ ఏ లిపిలో ఉందో చెప్పేయొచ్చు. ఇది చిట్కా కాదు, లెక్క. యూనికోడ్‌లో ఒక్కో లిపికి ఒక్కో వరస ఇచ్చారు కాబట్టి ప్రతి లిపికీ రెండో బైట్ ఏదో ముందే ఖాయం.

ఒరిజినల్ బయటికి తీయడం

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. స్క్రీన్ మీద కనిపించే గజిబిజిని కాపీ చేసి ఏ వెబ్‌సైట్‌లోనో అతికించి సరిచేద్దామని చూడొద్దు. రెండు కారణాలున్నాయి.

మొదటిది, కాపీలో కొన్ని బైట్లు పోతాయి. విండోస్-1252 పట్టికలో 129, 141, 143, 144, 157 అనే ఐదు స్థానాలకి అక్షరమే కేటాయించలేదు. మన దురదృష్టం చూడండి. కొమ్ము (ు) చివరి బైట్ 129. పొల్లు (్) చివరి బైట్ 141. ఏ అంటే 143, ఐ అంటే 144, ఝ అంటే 157. వత్తు ఉన్న ప్రతి మాటలోనూ లోపల పొల్లు ఉంటుంది. అంటే 'సూళ్లూరుపేట' అనే ఒక్క మాటలోనే రెండు చోట్ల దెబ్బ. 'భ' అయితే ఇంకో తమాషా. దాని చివరి బైట్ 173, అది సాఫ్ట్ హైఫన్, సాధారణంగా కంటికే కనిపించదు. ఇలాంటివి కాపీ-పేస్ట్‌లో జారిపోతే, తర్వాత ఏం చేసినా ఆ చోట ఖాళీయే.

రెండోది, మెయిల్‌లో మీ పేరు, అడ్రస్, అప్లికేషన్ నంబర్, ఒక్కోసారి ఆధార్ వివరాలు కూడా ఉంటాయి. అవన్నీ ఎవరిదో తెలియని "ఆన్‌లైన్ డీకోడర్"కి ఇవ్వడం దేనికి?

అందుకే ఒరిజినల్ ఫైల్ దించుకోండి. జీమెయిల్ అయితే కంప్యూటర్ బ్రౌజర్‌లో మెయిల్ తెరిచి, రిప్లై బాణం పక్కనున్న మూడు చుక్కలు నొక్కి, షో ఒరిజినల్ ఎంచుకోండి. కొత్త ట్యాబ్‌లో మూలం మొత్తం వస్తుంది. పైన డౌన్‌లోడ్ ఒరిజినల్ అని ఉంటుంది. థండర్‌బర్డ్‌లో అయితే మెయిల్‌ని సేవ్ చేస్తే అదే ఈఎంఎల్ ఫైల్. దాన్ని ఒక కాపీ తీసుకొని, కాపీ మీదే ప్రయోగాలు చేయండి. అసలుది ముట్టుకోవద్దు.

హెడర్‌లో చూడాల్సినవి ఏమిటి

ఆ ఫైల్‌ని నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ లేదా వీఎస్ కోడ్‌లో తెరవండి. మొదటి ఖాళీ లైన్ వరకు ఉన్నదంతా హెడర్. ఆ తర్వాతది బాడీ. ఫ్రమ్, టు, సబ్జెక్ట్, డేట్ మీకు తెలిసినవే. మనకి కావాల్సినవి ఇంకో మూడు: మైమ్-వెర్షన్, కంటెంట్-టైప్, కంటెంట్-ట్రాన్స్‌ఫర్-ఎన్‌కోడింగ్.

మైమ్ అనే పద్ధతిని నథానియల్ బోరెన్‌స్టైన్, నెడ్ ఫ్రీడ్ 1992లో తెచ్చారు. ఆస్కీ కోసం వేసిన పాత దారిలోనే వేరే భాషల రాత, ఫొటోలు, ఫైళ్లు పంపడానికి అదే ఆధారం. దాని ఆలోచన చాలా సింపుల్. రెండు ప్రశ్నలకి జవాబు లేబుల్ మీద రాయాలి. ఒకటి, బైట్లని ఏ పట్టికతో చదవాలి? దీని జవాబు కంటెంట్-టైప్ లైన్‌లో చార్‌సెట్ అనే చోట ఉంటుంది. రెండు, దారి కోసం బైట్లని ఎలా మూట కట్టారు? దీని జవాబు కంటెంట్-ట్రాన్స్‌ఫర్-ఎన్‌కోడింగ్ లైన్‌లో ఉంటుంది. ముందు మూట విప్పాలి, తర్వాత పట్టికతో చదవాలి. ఈ క్రమం గుర్తుంటే మిగతాదంతా తేలికే.

సరిచేయడం: ఒక్కో తప్పుకి ఒక్కో మందు

తప్పు 1: చార్‌సెట్ తప్పు. ఐఎస్ఓ-8859-1 అనో, విండోస్-1252 అనో, యూఎస్-ఆస్కీ అనో రాసి ఉంటుంది. బాడీలో మాత్రం యూటీఎఫ్-8 తెలుగు ఉంటుంది. థండర్‌బర్డ్ ఉంటే ముందు వ్యూ మెనూలో రిపేర్ టెక్స్ట్ ఎన్‌కోడింగ్ నొక్కి చూడండి. చాలాసార్లు అక్కడితో అయిపోతుంది. కాకపోతే కాపీ ఫైల్‌లో చార్‌సెట్ విలువని యూటీఎఫ్-8 అని (ఇంగ్లీష్ అక్షరాల్లోనే) మార్చి, సేవ్ చేసి, ఆ ఫైల్‌ని థండర్‌బర్డ్‌తో తెరవండి.

చాలామంది ఇక్కడే తడబడతారు. పైన హెడర్‌లో కంటెంట్-టైప్ విలువ మల్టీపార్ట్ అని మొదలైతే, మెయిల్‌లో చాలా భాగాలున్నాయని అర్థం. సాదా రాత ఒకటి, హెచ్‌టీఎంఎల్ ఒకటి, అటాచ్‌మెంట్లు వేరే. ప్రతి భాగానికీ సొంత చిన్న హెడర్ ఉంటుంది. మార్చాల్సింది ఆ లోపలి చార్‌సెట్‌ని, పైదాన్ని కాదు. హెచ్‌టీఎంఎల్ భాగంలో మెటా ట్యాగ్‌లో ఇంకో చార్‌సెట్ ఉండొచ్చు. అదీ ఇదీ ఒకటేనా చూసుకోండి.

తప్పు 2: మూట గురించి అబద్ధం. బాడీ బేస్-64లో ఉంది, హెడర్ మాత్రం 7-బిట్ అంటోంది, లేదా ఆ లైనే లేదు. అప్పుడు యాప్ మూట విప్పకుండా అలాగే చూపిస్తుంది. ఆ లైన్‌లో బేస్-64 అనో, కోటెడ్-ప్రింటబుల్ అనో సరైనది రాస్తే చాలు. ఏదో తేల్చడానికి పైన చెప్పిన 2, 3 పోలికలు చూడండి.

తప్పు 3: సబ్జెక్ట్ మాత్రమే గజిబిజి. సబ్జెక్ట్, పంపినవారి పేరు లాంటివి హెడర్‌లోనే ఉంటాయి కాబట్టి బాడీ లేబుల్ వాటికి వర్తించదు. ఆర్ఎఫ్‌సీ 2047 ప్రకారం వాటిని విడిగా, అక్కడికక్కడే మూట కట్టాలి. ఈక్వల్, ప్రశ్న గుర్తు, చార్‌సెట్ పేరు, ప్రశ్న గుర్తు, బి లేదా క్యూ, ప్రశ్న గుర్తు, తర్వాత మూట, చివర్లో ప్రశ్న గుర్తు, ఈక్వల్. బి అంటే బేస్-64, క్యూ అంటే కోటెడ్-ప్రింటబుల్ లాంటిది. ఇలాంటి ఒక్కో మూట 75 గుర్తులు దాటకూడదు. ఇది తెలుగుకి వచ్చేసరికి చాలా ఇరుకు. యూటీఎఫ్-8, బి అని రాసే ముందు-వెనక గుర్తులకే 12 పోతాయి. మిగిలిన 63లో బేస్-64కి నాలుగేసి చొప్పున 60 పడతాయి. అంటే 45 బైట్లు, అంటే 15 తెలుగు గుర్తులు. క్యూ పద్ధతిలో అయితే ఏడే. కాస్త పొడవైన తెలుగు సబ్జెక్ట్ ఏదైనా రెండు మూడు ముక్కలు కావాల్సిందే.

ఆ ముక్కలు చేసేటప్పుడు ఒక అక్షరం బైట్లని మధ్యలో కోయకూడదని నియమం ఉంది. చేతికొచ్చినట్టు రాసిన ప్రోగ్రామ్‌లు దీన్ని పట్టించుకోవు. ఉదాహరణకి 'సూళ్లూరుపేట బస్టాండ్' తీసుకోండి. సూళ్లూరుపేటకి 11 గుర్తులు, 33 బైట్లు. మధ్యలో ఖాళీకి ఒక బైట్, 34. బ, స, పొల్లు కలిపి 43. తర్వాతి 'ట' 44 నుంచి 46 వరకు. ప్రోగ్రామ్ కళ్లు మూసుకొని 45 దగ్గర కోస్తే 'ట'కి రెండు బైట్లు మొదటి ముక్కలో, ఒకటి రెండో ముక్కలో పడతాయి. ఏ ముక్కకి ఆ ముక్క విడిగా చదివే యాప్‌లో అక్కడ డైమండ్ ప్రశ్న గుర్తులు వస్తాయి. శుభవార్త ఏంటంటే బైట్లు అన్నీ ఉన్నాయి. పైథాన్‌లో రెండు ముక్కల్నీ విడివిడిగా బేస్-64 నుంచి విప్పి, వచ్చిన బైట్లని పక్కపక్కన చేర్చి, ఆ తర్వాతే యూటీఎఫ్-8గా డీకోడ్ చేయండి. 'ట' తిరిగొస్తుంది.

ఇంకో మామూలు తప్పు: పంపినవారి పేరు మూటని డబుల్ కోట్స్ లోపల పెట్టడం. కోట్స్ లోపలిది మూటగా చూడకూడదని నియమం. అందుకే నియమం గట్టిగా పాటించే యాప్‌లు దాన్ని అలాగే చూపిస్తాయి. కాపీలో ఆ కోట్స్ తీసేస్తే పేరు కనిపిస్తుంది.

తప్పు 4: టైమ్ తప్పు. ఉదయం 10:00కి వచ్చిన మెయిల్ మధ్యాహ్నం 3:30 అని చూపిస్తుంటే, డేట్ లైన్ చూడండి. మన టైమ్ రాసి, చివర +0530 బదులు +0000 పెట్టి ఉంటారు. యాప్ దాన్ని లండన్ వైపు టైమ్ అనుకొని ఐదున్నర గంటలు కలుపుతుంది. నిజమైన టైమ్ కావాలంటే పైనున్న రిసీవ్డ్ లైన్లు చదవండి. మెయిల్ దాటొచ్చిన ప్రతి సర్వర్ ఒక్కో లైన్ పైన చేరుస్తూ వస్తుంది కాబట్టి, అందరికన్నా పైది మీ మెయిల్ కంపెనీ సర్వర్ రాసింది. గడువు తేదీ విషయంలో తేడా వస్తే దాన్నే నమ్మాలి.

తప్పు 5: అటాచ్‌మెంట్ పేరు గజిబిజి. కంగారు పడొద్దు. లోపలి ఫైల్‌కి సాధారణంగా ఏమీ కాదు. ఫైల్ పేరుకి ఆర్ఎఫ్‌సీ 2231 అని వేరే పద్ధతి ఉంది, చాలా ప్రోగ్రామ్‌లు దాన్ని సరిగ్గా పాటించవు. సేవ్ చేసి, పేరు మార్చి, చివర పీడీఎఫ్ లాంటి సరైన ఎక్స్‌టెన్షన్ పెడితే తెరుచుకుంటుంది.

గజిబిజి మీద గజిబిజి

ఒక్కోసారి చార్‌సెట్ యూటీఎఫ్-8 అనే ఉంటుంది, అయినా గజిబిజే. అంటే మీ కన్నా ముందే ఎవరో తప్పు పట్టికతో చదివి, ఆ చెత్తనే యూటీఎఫ్-8గా సేవ్ చేశారు. ఫార్వర్డ్ అయి వచ్చిన మెయిల్స్‌లో ఇది చూస్తాం. అప్పుడు మూడు బైట్ల 'త' ఆరు బైట్లవుతుంది, ఇంకోసారి జరిగితే పన్నెండు.

దీనికి హెడర్ మార్పు పనిచేయదు, వెనక్కి నడవాలి. పైథాన్‌లో ఆ రాతని విండోస్-1252లోకి ఎన్‌కోడ్ చేసి, వచ్చిన బైట్లని యూటీఎఫ్-8గా డీకోడ్ చేయాలి. ఇక్కడే ఇందాకటి ఐదు ఖాళీ స్థానాలు అడ్డొస్తాయి. కొమ్ము గానీ పొల్లు గానీ లేని తెలుగు వాక్యం దొరకడం కష్టం కాబట్టి పైథాన్ దాదాపు ప్రతిసారీ ఎర్రర్ ఇస్తుంది. ఎఫ్‌టీఎఫ్‌వై అనే ఉచిత పైథాన్ లైబ్రరీ ఉంది. అందులో ఈ ఖాళీలని కూడా సర్దుకుపోయే స్లాపీ విండోస్-1252 అనే పట్టిక ఉంది. దాన్ని వాడండి. రెండు పొరలుంటే రెండుసార్లు చేయాలి. తెలుగు కనిపించగానే ఆపేయాలి.

సరిచేయకూడనివి కూడా ఉన్నాయి

హెడర్ మార్చిన కాపీ మీరు చదువుకోవడానికి మాత్రమే. చాలా మెయిల్స్‌కి డీకిమ్ అనే డిజిటల్ సంతకం ఉంటుంది. బాడీ, ముఖ్యమైన హెడర్ల మీద లెక్కగట్టి పంపే సర్వర్ వేస్తుంది. సంతకం కవర్ చేసే హెడర్‌లో ఒక్క అక్షరం మారినా అది చెల్లదు. రేపు ఆ మెయిల్ వచ్చిందని రుజువు చూపించాల్సి వస్తే పనికొచ్చేది గజిబిజిగా ఉన్న అసలు ఫైలే. దాన్ని జాగ్రత్తగా దాచుకోండి.

ఇంకో మాట. "సరిగ్గా కనిపించకపోతే ఇక్కడ క్లిక్ చేయండి" అని గజిబిజి మధ్యలో నీట్‌గా ఇంగ్లీష్ లింక్ ఉంటే ఆగండి. షో ఒరిజినల్ పేజీలో పైనే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు ఫలితాలుంటాయి. పాస్ అని ఉందా, ఏ డొమైన్‌కి పాస్ అయిందో చూడండి. పంపినవారి పేరు మూటలో ఏదైనా రాసుకోవచ్చు, బ్యాంక్ పేరైనా సరే. నమ్మాల్సింది పక్కనున్న అసలు అడ్రస్‌ని.

అన్నీ సరిగ్గా ఉన్నా ఫోన్ దగ్గర దెబ్బతినే సందర్భాలూ ఉన్నాయి. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా'ని ఒక ప్రత్యేక వరసలో రాసిన తెలుగు గుర్తు వస్తే చాలు, ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్లలో యాప్‌లు క్రాష్ అయ్యాయి. అందులో ఎన్‌కోడింగ్ తప్పేమీ లేదు, అక్షరాన్ని స్క్రీన్ మీద గీసే భాగంలో లోపం. ఆపిల్ ఫిబ్రవరి 19న 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. మీ చేతిలో ఉన్నది లేబుల్ మాత్రమే. గీసేది ఫోన్ పని. అప్‌డేట్స్ వాయిదా వేయకండి.

మీరు పంపేవాళ్లయితే

ఇది చదివేవాళ్లలో సగం మంది కాలేజీ ఫెస్ట్‌కో, ప్రాజెక్ట్‌కో మెయిల్ పంపే స్క్రిప్ట్ రాసే ఉంటారు. తప్పులు పుట్టేది అక్కడే.

- హెడర్లని చేత్తో స్ట్రింగులు అతికించి తయారుచేయొద్దు. పైథాన్‌లో ఈమెయిల్‌మెసేజ్ క్లాస్ వాడితే చార్‌సెట్, మూట, సబ్జెక్ట్ ముక్కలు అన్నీ అదే చూసుకుంటుంది.
- పీహెచ్‌పీ మెయిల్ ఫంక్షన్ వాడితే కంటెంట్-టైప్ మీరే ఇవ్వాలి. సబ్జెక్ట్‌ని ఎంబీ ఎన్‌కోడ్ మైమ్‌హెడర్ ఫంక్షన్‌తో కట్టాలి.
- డేటాబేస్ నుంచి పేర్లు తెస్తుంటే ఆ కనెక్షన్ చార్‌సెట్ చూడండి. మైఎస్‌క్యూఎల్ 8.0 కంటే ముందు డిఫాల్ట్ లాటిన్-1. ????? పుట్టే చోట్లలో అదొకటి. యూటీఎఫ్-8-ఎంబీ-4 పెట్టండి.
- పంపేముందు కొమ్ము, పొల్లు, ఏ, ఐ, భ అన్నీ ఉన్న వాక్యంతో టెస్ట్ చేయండి. "అమ్మ", "ఆవు" అని టెస్ట్ చేస్తే సరిపోదని కాదు, కానీ అన్ని మూలలూ తగలవు.

గజిబిజి మెయిల్ వస్తే పంపినవాళ్లకి రెండు లైన్లు రాయండి: "మీ మెయిల్ బాడీ యూటీఎఫ్-8లో ఉంది, హెడర్‌లో చార్‌సెట్ వేరేలా ఉంది, సరిచేయగలరు." ఈ ఒక్క వాక్యం అవతలి ఇంజినీర్‌కి గంటల వెతుకులాట తప్పిస్తుంది. "మీ మెయిల్ ఓపెన్ కావట్లేదు" అంటే వాళ్లకి ఏమీ అర్థం కాదు.

ఎందుకింత శ్రమ, ఇంగ్లీష్‌లో రాసేసుకుంటే పోలేదా అని అడిగేవాళ్లుంటారు. ఈరోజు మెయిల్ అడ్రస్‌నే సొంత లిపిలో రాసే నియమాలు 2012లోనే వచ్చాయి, జీమెయిల్ 2014 నుంచి అలాంటి అడ్రస్‌లకి మెయిల్ పంపనిస్తోంది. .భారత్ అని తెలుగు లిపిలోనే డొమైన్ ఉంది. దారి వేసి ఉంది, బోర్డులే అక్కడక్కడా తప్పుగా ఉన్నాయి. బోర్డు సరిచేయడానికి కొత్త ఫోన్ అక్కర్లేదు, ఒక టెక్స్ట్ ఎడిటర్, పది నిమిషాల ఓపిక చాలు. ఈసారి మెయిల్‌లో డిగ్రీ గుర్తులు వరసకట్టి కనిపిస్తే డిలీట్ మీద వేలు పెట్టకండి. ముందు ఒరిజినల్ దించుకోండి, చార్‌సెట్ లైన్ చదవండి.